అప్రస్తుత ప్రసంగిపై అభియోగం

కల్తీ నెయ్యిని పట్టుకోవడానికి ఒక శాఖ ఉంది, కల్తీ విత్తనాన్ని పట్టుకోవడానికి మరొకటి ఉంది, కల్తీ నమ్మకాన్ని పట్టుకోవడానికి మాత్రం రాష్ట్రంలో నాథుడు లేడని ఒకానొక ఉన్నతస్థాయి సంఘం కనిపెట్టింది. ఆ సంఘం కనిపెట్టేనాటికే ఊరూరా జనం ఫోన్లలో ఉచిత నాణేలు మొలకెత్తి ఉన్నాయి. అవి చేత్తో పట్టుకుని చెవి దగ్గర మోగించి చూసుకునే నాణేలు కావు. క్రిప్టో నాణేలు, అంటే కంప్యూటర్ల కడుపులో పుట్టి, అక్కడే పెరిగి, చాలావరకు అక్కడే కాలం చేసేవి. “మీకు వెయ్యి నాణేలు బహుమతి. పూర్తిగా ఉచితం. నూటికి నూరుపాళ్ళు నమ్మదగినది” అని సందేశం వచ్చేది. నమ్మినవాడు నొక్కేవాడు. నొక్కినవాడు కొన్నాళ్ళకు పోలీసు స్టేషను మెట్ల మీద కనిపించేవాడు.

సంఘం సుదీర్ఘంగా ఆలోచించింది. జనం మోసపోవడానికి కారణం నమ్మడం. నమ్మడానికి కారణం మాటలు. కాబట్టి లోపమంతా మాటల నాణ్యతలో ఉంది. మాట ఉత్తమశ్రేణిదైతే దానివల్ల కలిగే నమ్మకం కూడా ఉత్తమశ్రేణిదవుతుంది. అప్పుడు మోసం జరగదు. ఒకవేళ జరిగినా అది గర్వించదగిన ప్రమాణాలతో జరుగుతుంది. ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగినవారు ఆ సమావేశంలో ఒక్కరే ఉన్నారు. వారు అప్పటికే భోజనానికి లేచారు. ఆ విధంగా రాష్ట్ర విశ్వాసవాక్య ప్రమాణ మండలి అవతరించింది. డబ్బుకు సంబంధించిన సంస్థ అయితే రాజధానిలో పెట్టేవారు. మాటకు సంబంధించినది కనుక రాజమండ్రిలో పెట్టారు.

మండలికి అధ్యక్షులుగా శ్రీ చెన్నుపాటి వాగీశ్వరరావుగారు విచ్చేశారు. అంతకుముందు చేపల పెంపకం, దానికి ముందు జైళ్ళు చూసిన దక్షులు. ప్రారంభోపన్యాసంలోనే ఆయన మండలి సరిహద్దులను గోదావరి గట్లంత స్పష్టంగా గీసిపెట్టారు.

“నాణెం కేంద్రం పరిధి. మోసం పోలీసుల పరిధి. ఊరికే ఇవ్వడం భగవంతుడి పరిధి. వాక్యం ఒక్కటే మన పరిధి. మన పరిధిలో మనం మహోన్నతంగా వ్యవహరిద్దాం.”

వాక్యాన్ని పరీక్షించడం ఎలాగన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఆ ఊళ్ళో మాటను పరీక్షించడానికి తరతరాలుగా ఉన్న పద్ధతి అవధానం. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని తలా ఒక చిక్కు వేస్తారు, మధ్యలో కూర్చున్నవాడు అన్నిటినీ విప్పుతూ పోతాడు. ఇకమీదట ఉచిత నాణేలు పంచదలచిన ప్రతి కంపెనీ తన ప్రతినిధిని మండలి ముందు అవధానానికి కూర్చోబెట్టాలి. నెగ్గిన కంపెనీ ప్రకటనకు “ఉత్తమ విశ్వాసవాక్యం” అన్న ప్రభుత్వ ముద్ర పడుతుంది.

ఇలా ఎనిమిది మంది పృచ్ఛకులు కావలసివచ్చి, నామోజు రుద్రాచారిగారికి పిలుపు వెళ్ళింది.

రుద్రాచారిగారు కంసాలి వృత్తి చేసిన తండ్రికి పుట్టి, కాలేజీలో తెలుగు చెప్పి, విరమించి, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగని స్థితికి చేరుకున్న పండితులు. జిల్లాలో అవధాన సభ ఎక్కడ జరిగినా అప్రస్తుత ప్రసంగం ఆయనది. అవధాని ఛందస్సులో పీకల దాకా మునిగి ఉన్నప్పుడు “అయ్యా, మీ ఇంట్లో ఇవాళ వంకాయ కూరా, బెండకాయ వేపుడా?” అని అడిగి ధార తెంపడం అప్రస్తుత ప్రసంగి ధర్మం. చమత్కారంగా తప్పించుకోవడం అవధాని ధర్మం. మండలి ఈ రెండు ధర్మాలకూ చట్టబద్ధత కల్పించింది. నిబంధనావళిలో ఒక అంశం ఇలా ఉంది: “అప్రస్తుత ప్రసంగి అడుగు ఏ ప్రశ్నయు ప్రస్తుతముగా పరిగణింపబడదు. దానికి జవాబు చెప్పనవసరము లేదు. చమత్కరించినచో మార్కులు కలవు.”

రుద్రాచారిగారికి మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద ఫోటో, కింద “అప్రస్తుత ప్రసంగి (గెజిటెడ్)” అని హోదా. ఆఫీసులో ఆయనకో కుర్చీ, కుర్చీ వీపుకు ఉతికిన తువ్వాలు. విరమించిన మనిషికి తువ్వాలు వేసిన కుర్చీ విలువ ఏమిటో విరమించనివారికి చెప్పినా తెలియదు.

*

మొదటి సభ కుబేరధార అనే కంపెనీది. దాని తరఫున తేజోవర్ధన్ అనే యువకుడు వచ్చాడు. రోహిణీకార్తె ఎండలో నల్లకోటు తొడుక్కుని, నుదుటి మీద చెమటచుక్క లేకుండా నిలబడ్డాడు. కంపెనీలో అతని పదవి పేరు “ప్రధాన విశ్వాసాధికారి”. వెనకాల కంపెనీ జీతం మీద ఇద్దరు కవులు చాపమీద కూర్చున్నారు.

నిషిద్ధాక్షరి మొదలైంది. నష్టం, పూచీ, వాపసు అన్న మూడు మాటలూ నోట రాకుండా పథకమంతా వివరించాలన్నది పరీక్ష. అవధాన చరిత్రలో నిషిద్ధాక్షరిని ఇంత అలవోకగా దాటినవాడు లేడని పృచ్ఛకుడు కళ్ళు తుడుచుకున్నాడు. దత్తపదిలో భద్రత, పారదర్శకత, పరిశీలన, శాశ్వతం అన్న నాలుగు పదాలిచ్చారు. తేజోవర్ధన్ నాలుగింటినీ ఒకే వాక్యంలో ఇమిడ్చి, దేనికీ అర్థం తగలకుండా అవతలికి దాటించాడు. సమస్యాపూరణానికి “విత్తు నాటక పండెను వేయి పుట్లు” అన్న పాదం ఇస్తే, “ఇది సమస్య కాదండీ, మా కంపెనీ పరిచయం” అన్నాడు. సభ గొల్లున నవ్వింది.

అప్రస్తుత ప్రసంగం వంతు వచ్చింది. రుద్రాచారిగారు ఇంటి దగ్గర ప్రశ్న సిద్ధం చేసుకునే వచ్చారు. ఈ ఎండలో ఆ కోటు ఉతుకుతారా, ఆరబెడతారా అని అడుగుదామనుకున్నారు. తీరా నోరు తెరిచేసరికి మరో మాట దొర్లింది. రోజూ కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరు వేసినవాణ్ణి అడిగే మాటే అది.

“బాబూ, ఊరికే ఎందుకిస్తారు?”

తేజోవర్ధన్ చిరునవ్వు నవ్వాడు. చాపమీది కవుల్లో ఒకాయన చీటీ అందించాడు. యువకుడు గొంతు సవరించుకుని తేటగీతి ఎత్తుకున్నాడు.

“వాన కురిసిన బిల్లును వ్రాయునొక్కొ?
వెన్నెలకు చంద్రు డడుగునా వెల నొకింత?
పూవు తావికి సుంకము పుచ్చుకొనునె?
అటులె మా నాణె మూరక యందు మీకు.”

సభ లేచి నిలబడింది. అధ్యక్షులవారు బల్ల చరిచారు. చప్పట్లు కొట్టినవారిలో రుద్రాచారిగారు కూడా ఉన్నారని ఇక్కడ చెప్పక తప్పదు. యతి ఎక్కడా తప్పలేదు మరి.

“ప్రశ్న ఎంత అప్రస్తుతమో, పూరణ అంత రసవత్తరం. ఈ అంశంలో పూర్తి మార్కులు” అని వాగీశ్వరరావుగారు ప్రకటించారు. ధ్రువపత్రం మీద గుండ్రటి ముద్ర పడింది. ముద్ర కింద ఎనిమిది మంది పేర్లు, వారి వారి హోదాలు. చివరి పేరు రుద్రాచారిగారిది.

*

ఆ తర్వాత మండలి కీర్తి నాలుగు దిక్కులా పాకింది. నాణేల కంపెనీలు వరస కట్టాయి. కవులకు గిరాకీ పెరిగి, పెళ్ళిళ్ళకు పంచరత్నాలు రాసేవాడు దొరకడం కష్టమైపోయింది. నాణేల కంపెనీలన్నీ ఉత్తమశ్రేణిలో నెగ్గడంతో, మిగిలిన లోకంలో నాసిరకం నమ్మకం ఎంత పేరుకుపోయి ఉందో అధ్యక్షులవారికి బోధపడింది. ఊరి మీదికి తనిఖీ బృందాలను పంపారు.

కోటగుమ్మం దగ్గర ఇడ్లీలమ్మే ఆవిడ “నిన్నటి పిండి వాడం” అని పలకమీద రాసిపెట్టుకుంది. వాక్యంలో అలంకారం లేదు, దత్తపదాల్లో ఒక్కటీ లేదు, పైగా నకారాత్మకం. అధమశ్రేణి అని తేల్చి పలక దింపించారు. కిరాణా కొట్లన్నిటిలో “అరువు రేపు” అన్న బోర్డు కనిపించేసరికి బృందం నివ్వెరపోయింది. రేపు వెళితే మళ్ళీ రేపంటున్నారు. రాష్ట్రంలో ఇంతకాలం నిరాఘాటంగా సాగిన అతిప్రాచీన అసత్య వాగ్దానం ఇదేనని నివేదిక వెళ్ళింది. కొట్టువాళ్ళకు జరిమానా తాఖీదులు అందాయి. ఒక ముసలి కోమటి తాఖీదు చదివి, “రేపు కట్టుకుంటానని చెప్పండి బాబూ” అన్నాడట.

ఇవన్నీ వింటూ రుద్రాచారిగారు తువ్వాలు కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకునేవారు. ఏ ఉద్యోగంలోనైనా కొంత హాస్యం ఉంటుంది, దాన్ని బయటి నుంచి కాక లోపలి నుంచి చూడగలగడమే జీతం మీద అదనం అని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం మాణిక్యాంబగారింట్లో భోజనానికి కూర్చున్న ఆదివారం దాకా నిలిచింది.

*

మాణిక్యాంబగారు రుద్రాచారిగారికి అక్కగారు. తల్లి పోయాక ఆయన్ను సాకిన మనిషి. భర్త పోయి, ఇన్నీసుపేటలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం తమ్ముడికి బెండకాయ పులుసు పెట్టకపోతే ఆమెకు వారం పూర్తి కాదు.

పులుసు వడ్డించి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఇది చూడరా. మొన్న వెయ్యి ఉన్నాయి, ఇవాళ చూద్దును కదా, పదకొండొందలు. పిల్లలు పెట్టాయి.”

“ఏవిటక్కా పిల్లలు పెట్టాయి?”

“నాణేలు. కుబేరధార. మీరు ముద్ర వేసినవే. ఊరికే ఇచ్చారు.”

రుద్రాచారిగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఇచ్చారు సరే. అవి నీ చేతికొస్తాయా?”

“ఎందుకు రావు? ఇప్పుడు నిద్రలో ఉన్నాయిట. మేల్కొలుపు సేవ చేయించాలి, సుప్రభాతం లాగా. అది అయ్యాక లేచి డబ్బు రూపంలో బ్యాంకుకొస్తాయి. సేవకు కాస్త బంగారం సమర్పించుకుంటే చాలు, వాళ్ళే ఇంటికొచ్చి పట్టుకెళతారు. కంపెనీ అబ్బాయి శుక్రవారం వస్తానన్నాడు. శుక్రవారం పూట గడప దాటించి బంగారం ఇవ్వను నాయనా అన్నాను. అయితే శనివారం వస్తానమ్మగారూ అన్నాడు. ఎంత మర్యాదస్తుడో.”

అంటూ తెలియకుండానే రెండు చేతులూ ఒడిలోకి తీసుకుంది. ఆ చేతులకు నాలుగు గాజులు ఉన్నాయి. వాళ్ళ నాన్న ఊరందరి బంగారమూ కరిగించి, ఊరందరికీ నగలు చేసి, చివర్లో చూపు తగ్గుతున్న రోజుల్లో కూతురి కోసం చేసిన గాజులు. వాటి మీది లతలు ఒకచోట కొంచెం వంకర తిరిగి ఉంటాయి. ఆ వంకర దగ్గరే ఆమె వేలు ఎప్పుడూ ఆడుతూ ఉంటుంది.

“అక్కా, ఇవ్వకు. అదంతా మోసం.”

“మోసమని ఎవరన్నారు?”

“నేనంటున్నాను.”

ఆమె లేచి వెళ్ళి, దేవుడి పటాల పక్కన ఆనించి ఉన్న ప్లాస్టిక్ తొడుగు కాగితం ఒకటి తెచ్చింది. ధ్రువపత్రం నకలు. కంపెనీ ప్రతి సభ్యురాలికీ తొడుగు వేయించి మరీ పంచింది.

“ఇందులో చివరి పేరెవరిది?”

“నాదే.”

“పేరు పక్కన ఏం రాశారు?”

“అప్రస్తుత ప్రసంగి.”

“అంటే ఏవిటో నువ్వే చెప్పు. పిల్లలకి చదువు చెప్పినవాడివి.”

రుద్రాచారిగారు కొంచెంసేపు పులుసులో ముక్కలు వెతికారు. “అంటే, నేనడిగింది పట్టించుకోనక్కర్లేదని.”

“మరి నేనెందుకు పట్టించుకోవాలిరా? గవర్నమెంటే పట్టించుకోలేదు.” ఆమె గొంతులో కోపం లేదు, తమ్ముడి హోదా మీద గౌరవమే ఉంది. “ఆ డబ్బొస్తే నీ కంటి ఆపరేషను నేనే చేయిస్తాను. నాన్నలాగా గుడ్డివాడివై కూర్చుంటావా? పులుసు చల్లారిపోతోంది, తిను.”

ఇంటికి నడుస్తూ రుద్రాచారిగారు తండ్రి గీటురాయిని తలుచుకున్నారు. సొంత బావమరిది తెచ్చిన ఉంగరాన్ని కూడా ఆ రాతిమీద గీసి చూడనిదే తీసుకునేవాడు కాదు ఆ మనిషి. బావమరిది నొచ్చుకుంటే, “నిన్ను నమ్మాను బావా, ఉంగరాన్ని చూస్తున్నాను” అనేవాడు. ఆయన కొడుకు ఇప్పుడు ఉంగరం తెచ్చినవాడి పద్యాన్ని గీసి చూసి ముద్ర వేశాడు.

*

మర్నాడు ఆయన అధ్యక్షులవారి గదిలోకి వెళ్ళి, కుబేరధార ధ్రువపత్రం రద్దు చేయాలని విన్నవించుకున్నారు.

“ఏ దోషం కింద?” అన్నారు వాగీశ్వరరావుగారు ఆసక్తిగా. “యతిభంగమా? పునరుక్తా? దుష్టసమాసమా?”

“అవేవీ కావండి. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరండి.”

“ఆచారిగారూ, అది మీరు సభలో అడిగారు. అది అప్రస్తుతమని తేలింది. ఒకసారి అప్రస్తుతమని తేలినదాన్ని తిరగదోడితే వ్యవస్థ మీద ప్రజలకు విశ్వాసం సడలుతుంది. విశ్వాసం మన శాఖ కదా, మనమే సడలిస్తామా?”

“మా అక్క గాజులు పోతాయండి.”

అధ్యక్షులవారి ముఖం సానుభూతితో మెత్తబడింది. “గాజులు మన పరిధిలోకి రావండి” అన్నారు.

అయితే గురువారం నాడు కుబేరధార మళ్ళీ సభకు వచ్చింది. ఉత్తమశ్రేణి చాలక ఉత్తమోత్తమశ్రేణి కోరుకుంది. ఈసారి పట్టణ ప్రముఖులను పిలిచారు, వేదికకు అరటి బోదెలు కట్టారు. తేజోవర్ధన్ అన్ని పరీక్షలూ దాటి, ధీమాగా అప్రస్తుత ప్రసంగం వైపు తిరిగాడు.

“బాబూ, ఊరికే ఎందుకిస్తారు?” అన్నారు రుద్రాచారిగారు.

పాత ప్రశ్నే వచ్చేసరికి సభ ఉత్సాహపడింది. తేజోవర్ధన్ పాత తేటగీతినే కొత్త రాగంలో పాడాడు. చప్పట్లు మోగాయి. అంశం ముగిసిందని గంట కొట్టే పృచ్ఛకుడు గంట కొట్టాడు. మామూలుగా అయితే దానితో అయిపోవాలి.

“వాన సంగతి వానకి తెలుసు నాయనా. నువ్వెందుకిస్తున్నావు?”

యువకుడు నవ్వాడు. “మాస్టారికి పద్యం నచ్చినట్టుంది, మళ్ళీ వినాలని ముచ్చటపడుతున్నారు.” సభ నవ్వింది, ఈసారి కొంచెం తక్కువగా.

“పద్యం బాగుంది. యతి కూడా చూశాను. ఊరికే ఎందుకిస్తున్నావో చెప్పు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. తేజోవర్ధన్ చాపవైపు చూశాడు. చాపమీది కవులు ఒకరినొకరు చూసుకున్నారు. వారికి జీతం ఒక్క పద్యానికే ముట్టింది. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మండలి పుట్టిన తర్వాత సభలో మాట లేకుండా పోవడం అదే మొదలు. మూడో వరసలో వక్కపొడి నములుతున్న ఒక ప్రముఖుడు పక్కాయనతో, “అవునండీ, ఎందుకిస్తున్నాడంటారు?” అన్నాడు, నెమ్మదిగానే, కాని ఆ నిశ్శబ్దంలో అది వేదిక దాకా వెళ్ళింది.

మండలి సభ్య కార్యదర్శి శ్రీమతి ఇందుకూరి సుభాషిణిగారు లేచారు. నిబంధనావళి ఆమెకు కంఠస్థం. చాలావరకు ఆమె రాసినదే.

“అధ్యక్షా, అభ్యంతరం. అప్రస్తుత ప్రశ్న ఒకసారి అడిగి విడిచిపెట్టునది. మూడుసార్లు అడిగినచో అందులో ఉద్దేశం కనబడుతున్నది. ఉద్దేశం గల ప్రశ్న అప్రస్తుతం కాజాలదు. వీరు అప్రస్తుత ప్రసంగి పదవిలో ఉండి, ప్రభుత్వ వేదిక మీద, బహిరంగంగా, ప్రస్తుతం మాట్లాడారు.”

సభలో కలకలం రేగింది. అరటి బోదెల మధ్య నుంచి అధ్యక్షులవారు సభను నిరవధికంగా వాయిదా వేశారు.

*

శుక్రవారం పొద్దున రుద్రాచారిగారికి అభియోగపత్రం అందింది. అప్రస్తుత ప్రసంగి హోదాలో ఉంటూ ప్రస్తుత విషయమును ప్రస్తావించి, తద్ద్వారా విశ్వాస వాతావరణమునకు భంగము కలిగించినట్లు ఆరోపణ. విచారణ ఆ సాయంత్రమే.

అభియోగం పంపిన తర్వాత గాని అందులోని గొయ్యి ఎంత లోతో అధ్యక్షులవారికి కనిపించలేదు. ఆచారి దోషి అయితే ఆ ప్రశ్న ప్రస్తుతమని మండలే ఒప్పుకున్నట్టు. ప్రస్తుతమైన ప్రశ్నకు జవాబు చెప్పని కంపెనీకి పూర్తి మార్కులు వేసినట్టు. ఆచారి నిర్దోషి అయితే చిక్కే లేదు. కనుక విచారణకు ముందు ఆయన్ను గదికి పిలిపించి, స్వయంగా కాఫీ ఇప్పించారు.

“ఆచారిగారూ, మీరు నిర్దోషి అని నా అంతరాత్మ ఘోషిస్తోంది. ‘నా ప్రశ్న పూర్తిగా అర్థరహితము’ అని ఒక్క వాక్యం రాసివ్వండి. వచ్చే ఉత్సవంలో మీకు ‘అప్రస్తుత విశారద’ బిరుదు, శాలువా. పదవి మరో విడత పొడిగిస్తాం.”

“ఏసీ గది కూడా” అన్నారు సుభాషిణిగారు, ఆలోచించి.

రుద్రాచారిగారు కిటికీలోంచి బయటి గదిలోని తన కుర్చీవైపు చూశారు. తువ్వాలు ఆ పొద్దునే మార్చినట్టున్నారు, తెల్లగా ఉంది. ఇది వదులుకుంటే రేపటి నుంచి తనను ప్రశ్న అడిగేవాడూ ఉండడు, తన ప్రశ్న వినేవాడూ ఉండడు. శాలువా కప్పుకుంటే అందరూ అడుగుతారు, అందరూ వింటారు, ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఎక్కడో వంకర తిరిగిన లత ఒకటి ఆయనకు కనిపించింది.

విచారణలో ఆయన నిలబడి చెప్పారు.

“నేరం ఒప్పుకుంటున్నాను. నేను ప్రస్తుతమే మాట్లాడాను. మొదటిసారి పొరపాటున. ఆ తర్వాత బుద్ధిపూర్వకంగా.”

“మరొక్కసారి ఆలోచించుకోండి” అన్నారు అధ్యక్షులవారు బతిమాలుతున్నట్టు.

“శిక్ష వేయండి. ఇవాళే వేయండి, కాగితం మీద వేయండి. ముద్ర మాత్రం కాస్త స్పష్టంగా పడేటట్టు చూడండి.”

ముద్దాయి ఇంత సహకరిస్తుంటే శిక్షించకుండా ఉండడానికి నిబంధనావళిలో దారి లేదు. అధ్యక్షులవారు చెమటలు తుడుచుకున్నారు. ఆపద్ధర్మంగా సుభాషిణిగారే దారి తీశారు. ప్రశ్న ప్రస్తుతమే, ప్రశ్నించినవారు దోషే. అయితే మండలి ధ్రువీకరించినది నాణేన్ని కాదు, వాక్యాన్ని. వాక్యం ప్రశ్నకు జవాబు చెప్పవలెనని ఎక్కడా లేదు. వాక్యం వాక్యంగా ఉంటే చాలు. కనుక ధ్రువపత్రం యథాతథంగా ఉంటుంది, ఆచారిగారు యథాతథంగా ఉండరు.

అధ్యక్షులవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “వ్యవస్థ గొప్పదమ్మా” అన్నారు.

ఉత్తర్వు టైపు చేసి, ముద్ర వేసి, తడి ఆరకముందే రుద్రాచారిగారి చేతిలో పెట్టారు. కార్డు మెడలోంచి తీయించుకున్నారు. తువ్వాలు ప్రభుత్వానిది కనుక అది కుర్చీకే ఉండిపోయింది.

*

శనివారం పొద్దున్నే తమ్ముడు గుమ్మంలో కనిపించేసరికి మాణిక్యాంబగారు ఆశ్చర్యపోయింది. గాజులు అప్పటికే చేతులకు లేవు. కుంకుడురసంతో తోమి, తమలపాకులో పెట్టి, పసుపు గుడ్డ మీద ఉంచింది. బోసి చేతులతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“ఆఫీసు లేదా ఇవాళ?”

“నాకు లేదక్కా. తీసేశారు.”

ఆమె గోడకు ఆనుకుంది. “ఏం చేశావురా?”

ఆయన ఉత్తర్వు అందించారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బిగ్గరగా చదివింది. “శ్రీ నామోజు రుద్రాచారి అడిగిన ‘ఊరికే ఎందుకిస్తారు’ అను ప్రశ్న సంపూర్ణముగా ప్రస్తుతమైనదని విచారణలో నిస్సంశయముగా రుజువైనందున, వారిని పదవి నుండి తక్షణమే తొలగించడమైనది.” చదివి, ముద్రను వెలుతురుకు పెట్టి చూసింది. తొడుగు కాగితం మీది ముద్ర పక్కన పెట్టి పోల్చింది.

“ఇదే పెద్దది” అంది.

“అవునక్కా. తొలగించేటప్పుడు పెద్దది వేస్తారు.”

“అంటే నీ ప్రశ్న సరైందేనని గవర్నమెంటే రాసిచ్చింది.”

“ఇచ్చింది.”

“మరి ఆ ముక్క ఆదివారమే చెప్పకపోయావా?”

“చెప్పానక్కా.”

“నువ్వు చెప్పావురా. గవర్నమెంటు చెప్పలేదుగా.” కాగితం మడిచింది. మళ్ళీ విప్పింది. తమ్ముడి ఖాళీ మెడవైపు చూసింది. “ఇది అడిగినందుకే తీసేశారా?”

“ఇది అడిగినందుకే.”

“ఆ మాత్రం ప్రశ్నకు మనిషిని తీసేశారంటే” అని ఆగింది. మిగతాది పూర్తి చేయకుండానే పసుపు గుడ్డ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క గాజే మళ్ళీ ఎక్కించుకుంది. తోమిన గాజులు కదా, తేలిగ్గానే ఎక్కాయి.

బయట బండి ఆగింది. తేజోవర్ధన్ నల్లకోటుతో, చేతిలో మఖమల్ సంచితో గుమ్మం ముందు నిలబడి వంగి నమస్కరించాడు. లోపలి గదిలో ఎవరున్నారో అతనికి కనిపించదు.

“అమ్మగారూ, మేల్కొలుపు సేవకు ముహూర్తం దగ్గరపడింది.”

మాణిక్యాంబగారు గడపకు ఇవతలే నిలబడింది. “రా నాయనా. ఒక్క మాట. ఊరికే ఎందుకిస్తున్నారు?”

అతని ముఖంలో ఒక్క క్షణం గురువారం నాటి ఫ్యాను తిరిగింది. అయితే ఇక్కడ గంట లేదు, అధ్యక్షులు లేరు, గడప లోపల ముసలావిడ ఒక్కతే ఉంది. ధైర్యం తెచ్చుకుని తేటగీతి ఎత్తుకున్నాడు. వాన కురిసిన బిల్లును వ్రాయునొక్కొ అన్నాడు, చంద్రుణ్ణి తెచ్చాడు, పూవును తెచ్చాడు, మా నాణె మూరక యందు మీకు అని చేతులు చాచి ముగించాడు. గొంతు బాగుంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

మాణిక్యాంబగారు చివరిదాకా తల ఊపుతూ విన్నది.

“బాగుంది నాయనా, చక్కగా పాడావు. నిజమే, వాన బిల్లు వేయదు.” గాజుల చేతులు కొంగులో చుట్టుకుంది. “కాని వాన గాజులు కూడా అడగదు.”

అతను నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ వెనక్కి, కవులుండవలసిన చోటికి చూశాడు. అక్కడ ఎదురింటి మేక ఒకటి గోడ పోస్టరు నముల్తోంది, కుబేరధారదే.

లోపల రుద్రాచారిగారు మజ్జిగ గ్లాసు మీద చెంచాతో ఒక్కసారి గట్టిగా తట్టారు. సభ ముగిసింది.